విదేశంలో అమ్మకు వెన్ను ఆపరేషన్: దుభాషిని ఎప్పుడు పెట్టుకోవాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి)

మా అమ్మది మర్రిగూడ దగ్గరి పల్లె. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లే తాగినందున వెన్ను బిగుసుకుపోయి, రెండేళ్లుగా చేతికర్ర లేనిదే నడవలేకపోతున్నది. తమ్ముడు జర్మనీలో ఉన్నాడు కాబట్టి అక్కడే ఆపరేషన్ చేయించాలనుకుంటున్నాము. వాడికి జర్మన్ ఓ మోస్తరుగా వచ్చు. ప్రతిసారీ డబ్బు పెట్టి దుభాషిని తీసుకుపోవాలా, లేక తమ్ముడు సరిపోతాడా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (పాలమూరు, ప్రస్తుతం జర్మనీ)

రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు మీ తమ్ముడు చాలండి. కానీ డాక్టరు మొదటిసారి రోగ చరిత్ర అడిగేటప్పుడు, సంతకానికి ముందు సర్జనూ మత్తు డాక్టరూ వివరించేటప్పుడు, డిశ్చార్జి రోజున మందులు చెప్పేటప్పుడు వైద్యం మాటలు తెలిసిన దుభాషి ఉండి తీరాలి. ఇక్కడ 2013లో వచ్చిన రోగుల హక్కుల చట్టం ప్రకారం, ఆపరేషన్‌లోని ప్రమాదాలను రోగికి అర్థమయ్యేలా, ఆలోచించుకునే వ్యవధి ఉండేలా ముందే వివరించడం డాక్టరు బాధ్యత. దుభాషి ఖర్చు మాత్రం సాధారణంగా రోగిదే. ఇక్కడ ఉంటున్నవారికి కూడా ప్రభుత్వ ఆరోగ్య బీమా దానిని చెల్లించదు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఈ ఫ్లోరోసిస్ ఇక్కడి డాక్టర్లకు అరుదైన జబ్బు కాబట్టి, తాగిన నీళ్ల సంగతి మొదటి రోజే చెప్పించండి.

జవాబు (దేవరకొండ నుంచి)

అమెరికాలో మా అమ్మను చూపించినప్పుడు నేనే దుభాషినయ్యాను. ‘కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి, గుంజుతున్నయి’ అని ఆమె అంటే, నేను రెండింటినీ కలిపి నొప్పి అని చెప్పాను. వెన్నుపాము నలుగుతున్నదో లేదో తేల్చడానికి డాక్టరుకు ఆ రెండూ విడివిడిగా తెలియాలి. అంతకన్నా ముఖ్యం, మూత్రం ఆపుకోలేకపోతున్న సంగతిని ఆమె కొడుకునైన నా ముందు నోరు విప్పి చెప్పలేదు. రెండోసారి ఆసుపత్రివారు వీడియోలో ఒక తెలుగు ఆమెను కలిపి, నన్ను బయట కూర్చోమన్నారు. అప్పుడు చెప్పింది. అదీ వెన్నుపాము నలుగుతున్నదనడానికి గుర్తు కావచ్చు కాబట్టి వెంటనే ఎమ్మారై రాశారు. అక్కడ ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు దుభాషిని ఉచితంగానే ఇవ్వాలి, జర్మనీలో మీకు ఆ వెసులుబాటు లేదు. అయినా తమ్ముడికి జర్మన్ ఎంత వచ్చునన్నది ఒక్కటే చూడకండి, అమ్మ వాడి ముందు ఏమేమి చెప్పగలదో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇవి చదివి రాత్రి అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని అడిగాను. ఆర్నెల్లుగా మూత్రం ఆగడం లేదని కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. కూతురినైన నాకే ఇన్నాళ్లు తెలియదు. రేపు పొద్దున్నే హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరోసర్జన్‌కు చూపిస్తున్నాము. ప్రయాణం ఆ తరువాతే. వెళ్లవలసి వస్తే మొదటి రోజు నుంచే మహిళా దుభాషిని కుదర్చమని తమ్ముడికి చెప్పాను.