అంతస్త్వచంలో అంతస్తు ఉందా?

తిరుపతిలో ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు నిన్న రాత్రి జంతుశాస్త్రం నోట్సు నా ముందు పెట్టాడు. "పిన్నీ, అంతస్త్వచం అంటే కింది అంతస్తు పొర అని గుర్తుపెట్టుకున్నాను, సరేనా?" అన్నాడు. మార్జిన్‌లో మూడంతస్తుల మేడ బొమ్మ కూడా వేశాడు. మనిషి పిండంలో మూడో వారానికి మూడు పొరలు ఏర్పడితే అడుగున ఉండేది ఇదే కనుక ఆ తప్పు కూడా వాడిని గట్టెక్కిస్తుంది. అయితే మాట అంతః + త్వచం. మనః + తాపం మనస్తాపమైనట్టే. పై పొర బహిస్త్వచం కూడా అంతే. వాడు మూడోదాన్ని 'మధ్యస్త్వచం' అని రాసుకున్నాడు. మధ్యకు విసర్గ ఎక్కడిది?

ఒక మాస్టారి జవాబు: లేదమ్మా, మధ్యత్వచమే. ఇరుపక్కలా 'స్' ఉంటే నడుమదానికీ అంటుకుంది. పాఠం చెప్పిన రోజుల్లో నేనూ దిద్దేవాడిని, మార్కులు మాత్రం కోసేవాడిని కాదు. నా పేచీ త్వచంతో. త్వచమంటే చర్మం, చెట్టు బెరడు. గ్రీకు 'డెర్మా' కూడా చర్మమే. 1853లో జంతుశాస్త్రజ్ఞుడు ఆల్‌మన్ ఎక్టోడెర్మ్ (బహిస్త్వచం), ఎండోడెర్మ్ (అంతస్త్వచం) అన్న పేర్లు పెట్టింది హైడ్రా బంధువులైన నీటిజీవుల పొరలకు. వాటి ఒళ్లంతా రెండు పొరలే, అక్కడ అతికింది. మనలో ఆ లోపలి పొర నుంచే కాలేయం, క్లోమం పుడతాయి. కాలేయానికి చర్మంతో చుట్టరికమా!

ఇంకో జవాబు: మాది చిత్తూరు, మామిడి లేకుండా మాట్లాడలేను. తోతాపురి కోస్తే తోలు బాహ్య ఫలకవచం, గుజ్జు మధ్య ఫలకవచం, టెంక అంతర ఫలకవచం. వృక్షశాస్త్రం వాళ్లు 'అంతర' అనే మాట తీసుకుని విసర్గ బెడద వదిలించుకున్నారు. టెంకను కవచమంటే ఒప్పుకుంటాను, గుజ్జు ఏం కవచమండీ? ఆ లెక్కన త్వచమే నయం. 'లోపొర' అంటే పోదా?

మాస్టారు: పోదు. పేగు లోపొర ఉంది కదా, అది అంతస్త్వచం నుంచి పుట్టింది, అదే అంతస్త్వచం కాదు. రెండూ కలగాపులగమవుతాయి. పైగా లోపల ఉన్నవన్నీ లోపొరవే అనుకుంటారు. గుండె మధ్యత్వచానిది. పుర్రెలో దాక్కున్న మెదడేమో బహిస్త్వచానిది!

నా మాట: మెదడు సంగతి వాడికి చెప్పాను. మేడ పై అంతస్తు పక్కన 'మెదడు' అని రాసుకున్నాడు. మధ్యస్త్వచంలో 'స్' కొట్టేశాడు కానీ, పరీక్షలో మాత్రం క్లాసులో చెప్పినట్టే రాస్తాడట.