మామగారికి వేసిన మూత్రం పైపు: ఎన్నాళ్లుంచాలి, ఏమేం గమనించాలి?

పెద్దకోడలు:
82 ఏళ్ల మా మామగారికి తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినప్పుడు క్యాథెటర్ వేసి, ఆ పైపుతోనే ఇంటికి పంపారు. ఎందుకు ఉంచారో, ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. నేటికి 16 రోజులైంది. మొన్న రాత్రి ఆయన ఏదో పురుగు పట్టుకుందంటూ పైపును గట్టిగా లాగారు. అది ఊడి రాలేదు గాని బ్యాగులోకి నెత్తురు వచ్చింది. పగలంతా బాగానే మాట్లాడే మనిషి చీకటి పడేసరికి మమ్మల్ని పోల్చుకోవడం లేదు. ఇది వయసుతో వచ్చిన మతిమరుపా, లేక పైపు తెచ్చిపెట్టిన బాధా? ఇలాంటివి చూసినవారు దయచేసి చెప్పగలరు.

వార్డునర్సు:
అమ్మా, ముందు నెత్తురు సంగతి చెబుతాను. మూత్రం గులాబి రంగులో ఉండి క్రమంగా తేటపడుతుంటే కంగారు లేదు, అయినా ఒకసారి చూపించండి. గడ్డలు వస్తున్నా, బ్యాగులోకి మూత్రం దిగడం ఆగి పొత్తికడుపు బిగుసుకున్నా, పైపు మునుపటికంటే ఎక్కువ పొడవు బయటికి కనబడుతున్నా తెల్లవారేదాకా ఆగకూడదు. పైపు జారిపోకుండా దాని కొసన సాధారణంగా 10 మిల్లీలీటర్ల నీటితో ఉబ్బించి ఉంచే బెలూను మూత్రాశయంలోంచి మూత్రమార్గంలోకి జారితే లోపలి పొర చీరుకుపోతుంది, ఆ గాయం మానేటప్పుడు దారి సన్నబడి తరువాత మూత్రం రావడమే కష్టం కావచ్చు.

ఇక, ఉన్నట్టుండి మొదలై పూటపూటకూ మారే అయోమయాన్ని మతిమరుపు అనుకోకండి. దాన్ని డెలీరియం అంటారు. నొప్పి, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, కొత్త మందులు, నిద్రలేమి ఎలా కారణమవుతాయో, ఒంటికి తగిలించిన పైపూ అలాగే కారణమవుతుంది. దయచేసి చేతులు మాత్రం కట్టవద్దు, కడితే కలవరం ఇంకా పెరుగుతుంది. పైపును కొంచెం వదులుగా ఉంచి తొడకు అంటించండి, బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే దిగువన ఉండాలి, అయితే నేలకు తగలకూడదు. శుభ్రం చేసేటప్పుడు వెనక్కి తోసిన పురుషాంగం ముందు చర్మాన్ని తిరిగి ముందుకు తేవడం మరువకండి. అలా వదిలేస్తే అది వాచి బిగుసుకుంటుంది, పెద్దవారు సిగ్గుతో ఆ నొప్పిని బయటికి చెప్పరు.

నాన్నతోమూడేళ్లు:
మా నాన్నగారికి మూడేళ్లుగా పైపు ఉంది కనుక, నాకు తెలిసినది పైపు మూసుకుపోవడం గురించే. కొన్ని బ్యాక్టీరియాలు, ముఖ్యంగా ప్రోటియస్ అనేది, మూత్రంలోని యూరియాను విడగొట్టి దాన్ని క్షారంగా మారుస్తాయి. అప్పుడు లవణాలు స్ఫటికాలై పైపు కొసన సున్నంలా పేరుకుంటాయి. అలా పేరుకున్న పైపును ఒకసారి మార్చేటప్పుడు ఆయన పడిన యాతన నేను మరువలేను. అప్పటినుంచి పైపు ఎన్ని రోజులకు మూసుకుంటోందో పుస్తకంలో రాసుకుని, దానికి రెండు మూడు రోజుల ముందే మార్పిస్తున్నాము.

పైపు పక్కనుంచి మూత్రం కారుతుంటే ఇంకా లావు పైపు వేయించమని నేనే పట్టుబట్టాను. అది నా పొరపాటు. 16 సైజు పైపు వ్యాసం సుమారు 5.3 మిల్లీమీటర్లు, లావు పెరిగితే మూత్రాశయం ఇంకా ఎక్కువగా పట్టేసి కారడం పెరగవచ్చు. మా విషయంలో అసలు కారణం మలబద్ధకం, అది తగ్గగానే కారడమూ తగ్గింది.

చిన్నకూతురు:
మా అమ్మ మూత్రం బ్యాగు ఒకరోజు ఊదా రంగులోకి తిరిగింది. విషం ఎక్కిందనుకుని ఇల్లంతా ఏడ్చాము. ఇది ఎవరికైనా జరిగిందా?

వృద్ధుల_వైద్యుడు:
చిన్నకూతురు గారూ, పేగుల్లో ట్రిప్టోఫాన్ (ఆహారంలోని మాంసకృత్తుల్లో ఉండే పదార్థం) నుంచి పుట్టిన పదార్థం కాలేయంలో మారి మూత్రంలోకి వస్తుంది, దాన్ని బ్యాక్టీరియా నీలిమందు రంగుగా, మరొక ఎర్రని రంగుగా మారిస్తే బ్యాగు అలా కనబడుతుంది. మలబద్ధకం ఉండి, చాలాకాలంగా పైపు ఉన్న పెద్ద వయసు స్త్రీలలో ఇది ఎక్కువ. రంగు వల్ల ప్రమాదం లేదు, జ్వరం గాని నీరసం గాని ఉందా అన్నదే చూడాలి.

పెద్దకోడలు గారికి: పైపు ఉన్న ప్రతి రోజూ 3 నుంచి 7 శాతం మందిలో కొత్తగా మూత్రంలోకి బ్యాక్టీరియా చేరుతుంది, నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ ఉంటుంది. కాబట్టి కల్చర్‌లో (మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో) క్రిములు కనబడినంత మాత్రాన యాంటీబయాటిక్ వాడితే, మొండి క్రిములను పెంచడమే అవుతుంది. జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి, రక్తపోటు పడిపోవడం వంటివి ఉంటేనే పరీక్ష అవసరం. ఆ నమూనాను కూడా బ్యాగులోంచి కాక, కొత్తగా మార్చిన పైపునుంచి తీయాలి. అయోమయం ఒక్కటే ఉన్నప్పుడు ఇతర కారణాలనూ వెతకాలి.

శస్త్రచికిత్స కోసం వేసిన పైపును వీలైతే మరునాడో, ఆ తరువాతి రోజో తీసేస్తారు. 16 రోజులు ఉంచడానికి మూత్రం తనంతట తాను రాక లోపలే నిలిచిపోవడం వంటి కారణం ఉందా అని మీ వైద్యుణ్ణి సూటిగా అడగండి.

ఇంటిచాకిరీ:
అందరూ తీసేయమంటున్నారు గాని, రాత్రికి నాలుగుసార్లు పక్క మార్చే మా బాధ ఎవరికి తెలుసు? పైపు ఉంటే మంచం తడవదు.

వృద్ధుల_వైద్యుడు:
మీ శ్రమ చిన్నది కాదు. పిరుదుల దగ్గర పుండు పడి తడి తగిలితే మానని స్థితిలోనూ, చివరి రోజుల్లో కదిలిస్తే బాధపడేవారికీ పైపు ఉంచడం సబబే. కేవలం పక్క తడుస్తుందన్న కారణానికైతే పురుషులకు కండోమ్ క్యాథెటర్ (లోపలికి వేయకుండా పైన తొడిగే గొట్టం) గాని, ప్యాడ్లు గాని మేలు.

పెద్దకోడలు:
అందరికీ కృతజ్ఞతలు. అడిగితే, పైపు తీయించడం మరచిపోయారని తేలింది. నిన్న ఉదయం సిరంజితో బెలూను నీరు తీసి పైపు తొలగించారు. ఐదు గంటల్లో రెండుసార్లు మూత్రం వచ్చింది, తరువాత స్కానులో 80 మిల్లీలీటర్లే మిగిలి ఉంది. ప్రోస్టేట్ కోసం టాంసులోసిన్ ఇస్తూ, దానివల్ల లేవగానే కళ్లు తిరగవచ్చనీ, తుంటికి శస్త్రచికిత్స జరిగిన మనిషి కనుక ముందు కాసేపు మంచం అంచున కూర్చోబెట్టమనీ చెప్పారు. మంచం పక్కన యూరినల్ సీసా పెట్టాము. రాత్రి పురుగులు కనబడలేదట, నన్ను మాత్రం రెండుసార్లు తన చెల్లెలి పేరుతో పిలిచారు.