ప్రసంగ క్లబ్ మీటింగ్ గంటన్నరలో ముగియాలంటే ఏం చేయాలి? (ఒంగోలు నుంచి సందేహం)

ఒంగోలు సభ్యురాలు:
అందరికీ నమస్కారం. తెలుగులో నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునే చిన్న క్లబ్ మాది. ఆదివారం సాయంత్రం ఐదింటికి కలుస్తాం. రిజిస్టర్‌లో 20 మంది ఉన్నా వచ్చేది తొమ్మిది మందే. ఐదంటే ఐదున్నరకు మొదలవుతుంది, ఏడున్నర దాటినా తెమలదు. కొత్తవాళ్లు ఒకసారి వచ్చి మళ్లీ రావట్లేదు. ప్రసంగం విన్నాక అది ఎట్టా ఉందో విశ్లేషణ చేయమంటే "చాలా బాగా మాట్లాడారు" అనేసి కూర్చుంటారు, లేకపోతే ముఖం మాడిపోయేటట్టు తప్పులు ఏకరువు పెడతారు. గంటన్నరలో ముగించేదెట్టా? తొమ్మిది మందితో అన్ని బాధ్యతలూ సర్దేదెట్టా? విశ్లేషణ ఎట్టా చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కావలి సభ్యుడు:
అమ్మా, ముందు టైము సంగతి చూద్దాం. కొత్తవాళ్లు రాకపోవడానికి సగం కారణం అక్కడే ఉంటుంది. ఆరున్నరకు అయిపోతుందని ఇంట్లో చెప్పి వచ్చిన మనిషి ఏడున్నరకు ఇల్లు చేరితే రెండోసారి గడప దాటడం కష్టం. మన వైపు చాలామంది రైలు మీద వచ్చిపోయేవాళ్లు. గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు అన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. మీటింగ్ ఒక పావుగంట సాగితే రైలు పోతుంది, తర్వాతి బండికి స్టేషన్‌లో పడిగాపులు.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 5:00కి అధ్యక్షుల స్వాగతం, ఐదు నిమిషాలు. 5:05కి సభ నడిపేవారు వచ్చి ఎవరు ఏ బాధ్యతలో ఉన్నారో చెప్పిస్తారు, మనిషికి అర నిమిషం. 5:10కి ముందే తయారై వచ్చిన ప్రసంగాలు. ఒక్కోటి ఏడున్నర నిమిషాలకు మించకూడదు. ప్రసంగం అయ్యాక అందరూ చీటీ మీద అభిప్రాయం రాయడానికి ఒక నిమిషం. మూడు ప్రసంగాలుంటే 5:36కి అవుతాయి. తర్వాత 20 నిమిషాలు ఆశువుగా మాట్లాడే అంశాలు, మనం టేబుల్ టాపిక్స్ అంటాం కదా, అవి. 5:56కి విశ్లేషణలు, తలా మూడు నిమిషాలు. 6:06 నుంచి టైమర్ (సమయం చూసేవారు), ఊతపదాలు లెక్కించినవారు, భాష చూసినవారు, మొత్తం సభను విశ్లేషించినవారు చెప్పే నివేదికలు పది నిమిషాలు. చివరి ఐదు నిమిషాల్లో వచ్చే మీటింగ్ బాధ్యతలు పంచాలి. 6:21కి అయిపోతుంది. తొమ్మిది నిమిషాలు చేతిలో ఉంటాయి, వాటిని ముందే దేనికీ కేటాయించొద్దు.

ఇంత లెక్క వేసుకున్నా సాగుతోందంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, మన సభల అలవాటు. వేదిక మీదికి పిలవడం, శాలువా, బొకే, ముఖ్య అతిథి, వందన సమర్పణ. ఇవి మంచి మర్యాదలే, వార్షికోత్సవానికి ఉంచుకోండి. ప్రతి ఆదివారం అతిథిని పిలిస్తే ఆయన 40 నిమిషాలు మాట్లాడతారు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు శ్రోతలుగానే ఇంటికి పోతారు. రెండోది, మధ్యలో టీ. పది నిమిషాలనుకుంటే పాతిక అవుతుంది. టీ 4:40కే పెట్టేయండి. టీ కోసం ముందే వస్తారు, ఐదింటికి అందరూ కుర్చీల్లో ఉంటారు. మూడోది, "ఇంకో ఇద్దరు వస్తున్నారంట" అని ఆగడం. నలుగురున్నా ఐదింటికి మొదలుపెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం టైముకి వచ్చినవాళ్లను కూర్చోబెడితే వచ్చేవారం వీళ్లు కూడా ఐదున్నరకే వస్తారు.

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి:
తొమ్మిది మందికి పంపకం సరిగ్గా సరిపోతుంది మేడమ్. సభ నడిపేవారు ఒకరు, వక్తలు ఇద్దరు, వాళ్లకు విశ్లేషకులు ఇద్దరు, టైమర్ ఒకరు, ఊతపదాలూ భాషా కలిపి ఒకరు, ఆశువు నడిపేవారు ఒకరు, మొత్తం సభ విశ్లేషకులు ఒకరు. తొమ్మిది. మూడో ప్రసంగం ఆశ వదులుకోండి, రెండే పెట్టుకోండి. ఎనిమిది మందే వస్తే ఆశువు నడిపేవారు ఒక విశ్లేషణ కూడా చేయొచ్చు, ఆ రెండు పనులూ వేర్వేరు సమయాల్లో ఉంటాయి. టైమర్‌కి మాత్రం ఊతపదాల లెక్క అప్పగించొద్దు. కన్ను గడియారం మీద, చెవి మాట మీద పెట్టాల్సిన రెండు పనులు ఒకే క్షణంలో వస్తాయి, ఏదో ఒకటి జారిపోతుంది.

పంపకం మీటింగ్ రోజు చేస్తే సగం టైము దానికే పోతుంది. ఈ ఆదివారం చివరి ఐదు నిమిషాల్లో వచ్చే మీటింగ్ పేర్లు బోర్డు మీద రాయించండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. గురువారం రాత్రి విద్యా బాధ్యుడు (ఎవరికి ఏ బాధ్యతో చూసేవారు) ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. మెసేజ్ చాలదు, బొటనవేలు గుర్తు పెట్టి మర్చిపోతారు. శుక్రవారానికల్లా ఖాళీలు తెలిస్తే పూడ్చుకోవడానికి రెండు రోజులుంటాయి.

ఒంగోలు సభ్యురాలు:
చాలా ఉపయోగం అన్నా. మా టైమర్ ఫోన్ ఎత్తి చూపిస్తుంటే వక్తకు కనపడటం లేదు. చేయి ఊపితే బెదిరిపోతున్నారు.

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి:
ఫోన్ వద్దు. ఏ4 సైజు అట్టలు మూడు: పచ్చ, పసుపు, ఎరుపు. టైమర్ కుర్చీ ఆఖరి వరుసలో, వక్తకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్కన కూర్చుంటే వక్త తల తిప్పి చూడాల్సి వస్తుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నా ఇబ్బందే, సాయంత్రపు వెలుగు వెనక నుంచి కొట్టి పసుపేదో ఎరుపేదో తెలియదు. అట్ట గుండె ఎత్తున పట్టుకుని తర్వాతి రంగు వచ్చేదాకా దించకూడదు. చాలామంది ఒకసారి చూపించి కింద పెట్టేస్తారు. ఆ రెండు సెకన్లలో వక్త వేరేవైపు చూస్తుంటే అంతే, ఇక తెలియదు.

కొండగుర్తుగా ఈ అంకెలు రాసుకోండి. మామూలు ప్రసంగం 5 నుంచి 7 నిమిషాలు: ఐదుకి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. మొదటిసారి తనను తాను పరిచయం చేసుకునే ప్రసంగానికి 4, 5, 6. ఆశువుకి ఒకటి, ఒకటిన్నర, రెండు. విశ్లేషణకి రెండు, రెండున్నర, మూడు. ఎరుపు తర్వాత 30 సెకన్లు వెసులుబాటు, అది దాటితే సభ నడిపేవారు లేచి చప్పట్లు మొదలుపెట్టాలి. ఇది అందరికీ ముందే చెప్పి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు. వక్త నోట మొదటి మాట రాగానే గడియారం నొక్కాలి. వక్త మాట కంటే ముందు ఏదైనా అభినయంతో మొదలుపెడితే అప్పుడే నొక్కాలి.

రంగు బల్బులతో బోర్డు చేయించుకునే క్లబ్బులున్నాయి, చూడ్డానికి బాగుంటుంది. కరెంటు పోతే మళ్లీ అట్టలే గతి, అందుకని అవి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

నెల్లూరు నుంచి, తెలుగు టీచర్:
విశ్లేషణ గురించి నేను చెప్తాను. మూడు నిమిషాల్ని ఇట్లా పంచుకోండి. మొదటి అర నిమిషం: ఈ ప్రసంగం దేనికోసం, అది నెరవేరిందా. తర్వాత ఒక నిమిషం: పనిచేసిన రెండు విషయాలు. తర్వాత ఒక నిమిషం: మార్చుకోవాల్సినది ఒక్కటే, ఎలా మార్చుకోవాలో సహా. పసుపు పడగానే ముగింపు.

విశ్లేషకుడు ప్రసంగానికి ముందే వక్తను కలిసి "మీరు దేని మీద శ్రద్ధ పెడుతున్నారు?" అని అడగాలి. వక్త ఈసారి విరామాల మీద కష్టపడి వస్తే, మనం చేతుల కదలిక గురించి మాట్లాడి ఏం లాభం?

రాసుకునే కాగితం చూస్తే విశ్లేషణ ఎలా ఉండబోతుందో చెప్పొచ్చు. నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు వక్త అన్న మాటే యథాతథంగా రాయాలి, కుడివైపు దానివల్ల మనకేమనిపించిందో రాయాలి. ఎడమ: "మా తాత చేతిలో కొరడా లేదు, పాట ఉంది". కుడి: ఇక్కడ హాలు నిశ్శబ్దమైంది. ఎడమ: ఆ వెంటనే "సో, అదన్నమాట". కుడి: పట్టు జారింది. ఇలా రాసుకున్నవాళ్లు "చాలా బాగా మాట్లాడారు" అని ఊరుకోలేరు, చెప్పడానికి చేతిలో సరుకు ఉంటుంది. తప్పు కూడా మెత్తగా చెప్పగలరు: "తాత పాట దగ్గర మీరు మూడు సెకన్లు ఆగి ఉంటే ఆ నిశ్శబ్దం మాకు దక్కేది." మనిషికి తగలదు, పని తెలుస్తుంది.

కొత్తవాళ్ల మొదటి రెండు ప్రసంగాలకు అనుభవం ఉన్నవారినే విశ్లేషకులుగా వేయండి. ఇది తప్పకుండా పాటించండి. కొత్తవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

సింగరాయకొండ నుంచి:
భాష చూసేవారి గురించి ఒక మాట. "యాడ", "అట్టా", "ఏంది" అన్నవి తప్పుల్లో రాసే క్లబ్బులున్నాయి. ఇది సరైన పనేనా?

నెల్లూరు నుంచి, తెలుగు టీచర్:
కాదండీ. అది మన మాట, తప్పు కాదు. వినేవాళ్లకు అర్థమైందా లేదా అన్నదే కొలత. పోటీకి పోయేటప్పుడో, వేరే జిల్లావాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడో తెలియని మాట వస్తే అర్థం కలిపి చెప్పమనాలి, అంతవరకే. భాష చూసేవారు మెచ్చుకోదగ్గ పదబంధాలు రెండు మూడు ఏరి చదవాలి, వాక్యం మొదలుపెట్టి ముగించకుండా వదిలేసిన చోట్లు చెప్పాలి. ఒత్తులు, శ-ష-స తేడాలు ఉంటే సభ అయ్యాక పక్కకు పిలిచి చెప్పడం మంచిది.

ఆరోజు పదం ఒకటి బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. నిఘంటువులో వెతికితే తప్ప దొరకని పదం వద్దు. "నిక్కచ్చి", "ఒద్దిక", "తారసపడటం" లాంటివి అయితే ఆశువులో అందరూ వాడగలరు.

ఊతపదాలు లెక్కించేవారికి: తెలుగులో "ఆ... ఊ..." కంటే "అన్నమాట", "ఏందంటే", "అంటే", "మరి", "సో", "బేసిక్‌గా" ఎక్కువ. వీటిని వరసగా రాసి పేరు కింద గీతలు పెట్టండి. "అంటే" అని నిజంగా అర్థం వివరించేటప్పుడు వాడితే లెక్కలో వేయొద్దు. నివేదికలో ఒక్కొక్కరికీ ఎక్కువగా వచ్చిన ఒక్క మాట చెబితే చాలు, మొత్తం చిట్టా చదివితే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

కావలి సభ్యుడు:
ఆశువు దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు: పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడగడం. పేరు వినగానే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ముందు ప్రశ్న, ఒక్క క్షణం ఆగి పేరు. బాధ్యతలు లేనివారికి ముందు అవకాశం. అతిథులను ముందే అడిగి, సరే అంటేనే పిలవాలి.

ప్రశ్న తెలివి పరీక్షలాగా ఉండొద్దు. "పెన్నా ఎక్కడ పుట్టింది?" అంటే తెలిసినవాడు ఒక్క మాటలో తేలుస్తాడు, తెలియనివాడు సిగ్గుపడతాడు. కులం, పార్టీలు అసలే వద్దు. "నెల్లూరు చేపల పులుసు ఎప్పుడూ తిననివారికి ఆ రుచి మాటల్లో చెప్పండి." "రొట్టెల పండుగకు పోతే మీరు ఏ రొట్టె పట్టుకుంటారు, ఎందుకు?" "ఒంగోలు గిత్తకు మాటలొస్తే తన యజమానితో ఏమంటుంది?" ఇలాంటివైతే ఎవరి దగ్గరైనా ఏదో ఒకటి ఉంటుంది.

నెలకోసారి అవధానంలో దత్తపది మాదిరి పెట్టి చూడండి. నాలుగు పదాలిచ్చి (గొడుగు, ఉప్పు, రైలు, అప్పు అనుకోండి), రెండు నిమిషాల్లో నాలుగూ వచ్చేటట్టు మాట్లాడమనండి. పద్యం అక్కర్లేదు. ఊతపదాలు వాటంతటవే తగ్గుతాయి, బుర్ర తర్వాతి పదం మీద ఉంటుంది గనక.

జవాబు తోచక నిలబడిపోయినవారికి ఒక దారి: మూడు సెకన్లు ఊపిరి పీల్చి, ముందు తన పక్షం ఒక్క వాక్యంలో చెప్పేయాలి. తర్వాత ఒక కారణం, ఒక ఉదాహరణ, మళ్లీ మొదటి వాక్యం. రెండు నిమిషాలకు ఇది సరిపోతుంది.

ఒంగోలు సభ్యురాలు:
ఇంకో రెండు ప్రశ్నలు, విసుక్కోకండి. వాన పడితే, పెళ్లిళ్లుంటే మీటింగ్ రద్దు చేయాలా? టోస్ట్‌మాస్టర్స్ అనే ప్రసంగ క్లబ్బుల అంతర్జాతీయ సంస్థలో చేరితే మంచిదా?

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి:
రద్దు చేయొద్దు. ఒకసారి ఆపితే "ఈవారం ఉందా?" అనే ఫోన్లు మొదలవుతాయి, ఆ అనుమానమే జనాన్ని తగ్గిస్తుంది. ప్రతివారం కుదరకపోయినా "వారం విడిచి వారం" అని పెట్టుకోవద్దు, ఐదు ఆదివారాలున్న నెలలో లెక్క తప్పుతుంది. నెలలో ఒకటో ఆదివారం, మూడో ఆదివారం అని ఖాయం చేయండి. ముహూర్తాల రోజుల్లో ఆరుగురే వస్తే ఒక ప్రసంగం, ఆశువు, ఒక విశ్లేషణతో గంటలో ముగించండి. ఎండాకాలంలో ఒక గంట ఆలస్యంగా, ఆరింటికి మొదలుపెట్టండి.

మన తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల భయం ఉంటుంది. ఆ మూడు నెలలకు జూమ్ లింకు సిద్ధంగా పెట్టుకోండి. అక్కడ టైమర్ తన వెనక పచ్చ, పసుపు, ఎరుపు రంగుల తెరలు ముందే ఎక్కించుకుని మారుస్తుంటే చాలు. ఫోన్‌లో చూసే వక్తకు అందరి ముఖాలూ కనపడవు. మొదలుపెట్టే ముందే టైమర్ వీడియోని పిన్ చేసుకోమనండి.

కావలి సభ్యుడు:
టోస్ట్‌మాస్టర్స్ సంగతి: 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి అది. పైన చెప్పిన రంగులు, నిమిషాలు, బాధ్యతలన్నీ అక్కడివే. కొత్త క్లబ్‌కు గుర్తింపు రావాలంటే 20 మంది సభ్యులు రుసుము కట్టాలి. తర్వాత ఆరు నెలలకోసారి, ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో, రుసుము డాలర్ల లెక్కలో ఉంటుంది. మెట్టు మెట్టుగా పాఠాలు, పోటీలు, పెద్ద క్లబ్బులతో పరిచయం దొరుకుతాయి. మీకు క్రమంగా వచ్చేది తొమ్మిది మందే. వాళ్లు 20 అయ్యేదాకా ఆగండి. ఈలోపు పద్ధతి పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సింగరాయకొండ నుంచి:
మైకు సంగతి ఎవరూ చెప్పలేదు. 20 మంది లోపు గదికి మైకు వద్దు, గొంతు ఆఖరి వరుసకు చేర్చడం నేర్చుకోవాలి. వార్షికోత్సవానికి మైకు పెడితే గడ్డానికి ఎదురుగా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోమనండి. నోటికి ఆనిస్తే "ప", "బ" వచ్చినప్పుడల్లా బుడబుడ శబ్దం వస్తుంది. స్పీకరు డబ్బాలు వక్తకు ముందువైపు, జనం వైపు తిరిగి ఉండాలి. వక్త వాటికి ఎదురుగా పోతే కూత పెడుతుంది. మైకు తల అరచేత్తో మూసి పట్టుకున్నా అంతే.

ఒంగోలు సభ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. అట్టలు ఈరోజే కోయిస్తాను. టీ 4:40కి అని గ్రూపులో పెట్టేశాను. వచ్చే ఆదివారానికి తొమ్మిది పేర్లూ రాసి గురువారం ఫోన్లు చేస్తాను. మూడో ఆదివారం అయ్యాక ఎన్నింటికి ముగిసిందో ఇక్కడే రాస్తాను.