కాలనీ కుకౌట్‌లో వెజ్ బర్గర్‌కి వేరే గ్రిల్ అడగడం తప్పా?

ఫ్రిస్కో వనజ

మాది టెక్సాస్‌లో ఫ్రిస్కో. మా వీధిలో లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) రోజు కుకౌట్, అంటే ఆరుబయట కాల్చుకు తినే విందు, పెడుతున్నారు. ఈసారి ఒక్కో ఇంటివాళ్ళు తమ సొంత బర్గర్ చేసి తేవాలి, అక్కడే కాల్చి అందరికీ చిన్న చిన్న ముక్కలుగా పంచాలి అనుకున్నాం. ఖర్చు ఇంటికింత అని వసూలు చేశారు. బాగుంది. కానీ గ్రిల్ ఒక్కటే. జులై 4కి కూడా ఇలాగే ఒక్క గ్రిల్ పెడితే, బీఫ్ ప్యాటీలు (బన్ మధ్య పెట్టే బిళ్ళలు) తిప్పిన అట్లకాడతోనే మా పనీర్ ప్యాటీలూ తిప్పారు. ఎవరినీ తప్పు పట్టను, పాపం ఆయన ఎండలో నిలబడి అందరికీ కాల్చి పెట్టాడు, ఎవరూ చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? మా వెజ్ వాళ్ళంతా చిప్స్, పుచ్చకాయ ముక్కలు తిని లేచారు, పిల్లలకి ఇంటికెళ్ళాక మళ్ళీ అన్నం పెట్టుకున్నాం.

అందుకని ఈసారి వీధి గ్రూపులో రెండో గ్రిల్ పెడదామా అని ముందే అడిగాను. అమెరికన్ ఆవిడ ఒకరు వెంటనే సరే అన్నారు. మన తెలుగాయన ఒకరు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టి, వాళ్ళ దేశం వచ్చి మన మడి వాళ్ళ మీద రుద్దితే పరువు పోతుంది, ఆ మెసేజ్ తీసేయండి అన్నారు. నేను తీయలేదు. అడగడం తప్పు కాదని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇర్వింగ్ బాబాయ్

అమ్మా, తప్పు అనను గానీ అవసరం లేదంటాను. మేము తొంభైల్లో వచ్చినప్పుడు ఇలాంటి వాటికి ఇంట్లో తినే వెళ్ళేవాళ్ళం. నలుగురినీ కలవడానికి వెళ్తాం, కడుపు నింపుకోవడానికి కాదు. గ్రిల్ ఆయనది, శ్రమ ఆయనది. అంతగా ఉంటే ఫాయిల్ పరిచి దాని మీద కాల్చమంటే సరిపోతుంది.

ఇంకో మాట. 2019లో బర్గర్ కింగ్ మాంసం లేని ఇంపాజిబుల్ వొప్పర్ బర్గర్ తెచ్చినప్పుడు, దాన్ని మాంసం కాల్చే గ్రిల్ మీదే కాలుస్తున్నారని ఫ్లోరిడాలో ఒక వీగన్ (పాలు, గుడ్లు కూడా ముట్టనివాడు) కేసు వేశాడు. కోర్టు కొట్టేసింది. విడి గ్రిల్ మీద కాలుస్తామని వాళ్ళెక్కడా మాట ఇవ్వలేదు కదా అని. డబ్బు తీసుకుని అమ్మే కంపెనీకే లేని బాధ్యత పక్కింటాయనకి ఎక్కడిది?

ప్లేనో సుధ

బాబాయ్ గారూ, ఆ కేసు సంగతి మీరు సగమే చెప్పారు. అడిగితే వేరేగా వేడి చేసి ఇస్తామని ఆ కంపెనీ అప్పుడే చెప్పింది. అంటే అడగాలి! అడిగినవాళ్ళకి ఉంది, అడగనివాళ్ళకి లేదు. వనజ గారు చేసింది కూడా అదే కదా.

దానికి ముందు సంగతీ గుర్తుండే ఉంటుంది. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉందని తెలియక ఇక్కడ మన శాకాహారులు ఏళ్ళ తరబడి తిన్నారు. 2001లో కేసు పడితే 2002లో కోటి డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, క్షమాపణ కూడా చెప్పారు. నోరు మూసుకుని ఇంట్లో తిని వెళ్ళే పద్ధతి వల్ల మనం ఏం తింటున్నామో మనకే తెలియకుండా పోయింది. పైగా వనజ గారు ఆ వీధిలో చుట్టం చూపుగా వచ్చినావిడ కాదు. ఇల్లు కొనుక్కుని, ప్రాపర్టీ ట్యాక్స్ కట్టి, కుకౌట్‌కి అందరితో సమానంగా డబ్బిచ్చి, ఇంకా ఎన్నాళ్ళు అతిథిలా ఒద్దికగా కూర్చోవాలి?

పెనం పొయ్యి

నాది వంట వైపు నుంచి ఒక మాట. నేను మా చర్చి వాళ్ళకీ, మా పిల్లల స్కూలు వాళ్ళకీ ఇలాంటివి చేసి పెడుతుంటాను, వెజ్, నాన్‌వెజ్ రెండూ.

ఊచల గ్రిల్ అసలు ఇంట్లో చేసిన వెజ్ ప్యాటీకి పనికిరాదు. మాంసం ప్యాటీ కాలేకొద్దీ బిగుసుకుంటుంది, ఊచలని వదిలేస్తుంది. బంగాళదుంప, పనీర్, బీన్స్‌తో చేసినవి వేడికి మెత్తబడి ఊచల మధ్య జారిపోతాయి. తిప్పేటప్పుడు పైపొర ఊచలకే అంటుకుని, చేతికి లోపలి ముద్ద వస్తుంది. ఫాయిల్ వేస్తే కాలదు, ఆవిరికి ఉడికినట్టు అవుతుంది, తెల్లగా, జిగటగా. వాటికి కావలసింది పెద్ద పెనం. ఈ ఊళ్ళో సగం మంది దేశీల పెరట్లో బ్లాక్‌స్టోన్ గ్యాస్ పెనం ఉంటుంది, ఒకేసారి నాలుగు దోసెలు పోసుకుంటారు దాని మీద. దాన్ని తోసుకొచ్చి వీధిలో పెట్టండి. మతం మాట ఎత్తకుండానే, ఈ వంటకి పెనం కావాలి అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బర్గర్ ఏం చేయాలని అడిగేవాళ్ళకి. మసాలా వడ ప్యాటీ చేయండి. శనగపప్పు నానబెట్టి, నీళ్ళన్నీ ఓడ్చి, పలుకు పలుకుగా రుబ్బి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేసి, అరచేతి వెడల్పున, వేలు మందాన తట్టండి. నేరుగా పెనం మీద వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ముందు ఇంట్లో ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టండి. గట్టిపడుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్ళి, అక్కడ నూనె వేసి రెండు పక్కలా ఎర్రగా కాలిస్తే కరకరలాడుతుంది, విరగదు. పైన అల్లం పచ్చడి, పచ్చి మామిడి తురుము. కంద కూడా బాగుంటుంది, కాకపోతే దురద పోవడానికి చింతపండు వేసి ఉడికించాలి, నీరంతా పిండాలి.

గోంగూర బర్గర్ చేసేవాళ్ళు ఆకు కీమాలో కలపకండి, తడికి ప్యాటీ విడిపోతుంది. గోంగూరని నూనెలో మగ్గించి దగ్గర పడనిచ్చి పైన పూయండి. మేక కీమా ఒక్కటే అయితే కొవ్వు చాలదు, పొడిపొడిగా అవుతుంది, కాస్త లాంబ్ కీమా కలపండి.

నాంపల్లి నుంచి

పెనం అన్నా, రెసిపీకి థాంక్స్. కానీ మతం మాట ఎత్తకుండా అడగమనడం నాకు నచ్చలేదు. నిజమైన కారణం చెప్పడానికి సిగ్గెందుకు? నేను శాకాహారిని, మాంసం తగిలింది తినను అంటే ఇక్కడ ఎవరైనా అర్థం చేసుకుంటారు. వేరే సాకు చెబితే ఆ రోజు పెనం దొరక్కపోయినా పర్లేదులే అనుకుంటారు.

ఇంకోటి చెప్పాలి. ఈ చర్చలో తెలుగువాళ్ళంటే బీఫ్ ముట్టనివాళ్ళే అన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఇంట్లో తింటాం. హైదరాబాద్‌లో బీఫ్‌తో చేసే కళ్యాణి బిర్యానీ తిని పెరిగినవాళ్ళం. ఇక్కడ నేనే కాలుస్తాను, పైన మిరపకాయ కారం, ఉల్లిపాయ, బాగా అమ్ముడుపోతుంది మా వీధిలో. వేరే పెనం పెట్టండి, నేనే మోసుకొస్తాను. కానీ మొదట వేరే గ్రిల్ అని మొదలుపెట్టి, మరుసటి ఏడు బీఫే వద్దు అంటే ఒప్పుకోను. ఒక చోట అలా జరిగింది కూడా. మన పండక్కి మన వాళ్ళు పెట్టుకునే భోజనం వేరు. వీధి కుకౌట్ అందరిదీ.

ఫ్రిస్కో వనజ

నాంపల్లి గారూ, మీ మాట నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. నేను అడిగింది వెజ్‌కి చోటు. మీ ప్లేట్‌లో ఏముండాలో నిర్ణయించే హక్కు నాకు లేదు. కారణం దాచకూడదనేది కూడా సరే. గ్రూపులో అలాగే రాశాను, మేం శాకాహారులం, మాంసం తగిలిన చోట కాల్చినవి తినలేం, అందుకని అడుగుతున్నాం అని.

సాజిద్ భాయ్, ఆలెన్

హలాల్ వాళ్ళం కూడా ఉన్నాం, గుర్తుంచుకోండి. మేం తెచ్చిన చికెన్ హలాలే అయినా, బేకన్ (పంది మాంసం) వేసిన గ్రిల్ మీద కాలిస్తే తినలేం. మా వీధిలో అడిగాం, మూలకి చిన్న బొగ్గుల గ్రిల్ ఒకటి ఇచ్చారు. ఇప్పుడు మా గల్లీలో అందరూ ముందు ఆ గ్రిల్ దగ్గరికే వస్తారు, చికెన్ కోసం.

ఇర్వింగ్ బాబాయ్

అందరూ నన్నే అంటున్నారు, సరే, నా అసలు బెంగ ఏమిటో చెబుతాను. పరువు కాదు. నేను చూసినచోటల్లా రెండో గ్రిల్ పెట్టగానే మనవాళ్ళంతా దాని చుట్టూ చేరిపోతారు. కుర్చీలు అటు లాగేసుకుంటారు, తెలుగు మొదలవుతుంది, ఇళ్ళ ధరలు, వీసాలు, పిల్లల కుమాన్ ట్యూషన్ క్లాసులు. అవతల వాళ్ళు వాళ్ళ గ్రిల్ దగ్గర. సాయంత్రం అయ్యేసరికి ఒకే వీధిలో రెండు పార్టీలు. పక్కింటి ముసలాయన ఒకసారి నా పక్కన కూర్చుని, మీరంతా అక్కడ ఏం మాట్లాడుకుంటారని అడిగాడు. పాపం ఆయనకి ఎవరూ తోడు లేరు. ఆ రోజు నుంచి నాకిది నచ్చదు. ఒక్క గ్రిల్ ఉంటే కనీసం ఒకే వరసలో నిలబడతారు. మీరు తినకపోయినా పక్కన నిలబడండి, అదే నేననేది.

ప్లేనో సుధ

ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటే బాబాయ్ గారూ. మొదటే ఈ మాట చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు. కానీ తినడానికి ఏమీ లేనివాళ్ళు ఆ వరసలో ఎంతసేపు నిలబడతారు? జులైలో వనజ గారి వాళ్ళు చిప్స్ తిని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిపోయింది ఒకే గ్రిల్ ఉన్న పార్టీ నుంచే.

ఫ్రిస్కో వనజ

బాబాయ్ గారూ, మీ మాట విన్నాక రాత్రి మా ఆయనతో కూడా అనుకున్నాను. రెండూ పక్కపక్కన పెడదాం, మధ్యలో ఒకే బల్ల, బన్నులు, పచ్చళ్ళు అన్నీ ఒక్కచోటే. వెజ్ పెనం దగ్గర మనవాళ్ళే కాకుండా ఎదురింటి అబ్బాయిని నిలబెడతాను, వాడికి వంటంటే ఇష్టం.

అయినా బర్గర్ అనేది ఎప్పుడూ ఒకేలా ఉందా? ఓక్లహోమా సిటీకి పడమర ఎల్ రీనో ఉంది, అక్కడ 1920లలో మాంసం ఖర్చు కలిసిరావాలని బోలెడు ఉల్లిపాయ తరిగి ప్యాటీలోకి అదిమి కాల్చడం మొదలుపెట్టారు, ఇప్పుడు అదే ఆ ఊరి గొప్ప. మిసిసిపీలో కొరింత్ వాళ్ళు కష్టకాలంలో మాంసంలో పిండి కలిపి నూనెలో వేయించారు. మినియాపొలిస్‌లో చీజ్ లోపల పెట్టి మూసేస్తారు. న్యూ మెక్సికోలో పచ్చి మిరపకాయలు కాల్చి వేస్తారు, అది మనకి కొత్తా? న్యూ హేవన్‌లో లూయిస్ లంచ్ వాళ్ళు ఈనాటికీ బన్ కాకుండా బ్రెడ్ ముక్కల మధ్యే పెట్టి ఇస్తారు, కెచప్ అడిగితే ఇవ్వరు. ఎవరి ఇంట్లో ఏది ఉంటే, ఏది తినగలిగితే, దానితో చేసుకున్నారు. శనగపప్పు మన ఇంట్లో ఉంది. మన పిల్లలు స్నేహితుల ముందు మసాలా వడ బర్గర్ తెచ్చి, ఇది మా అమ్మమ్మ చేసేది, బన్‌లో పెట్టాం అని చెప్పుకోవాలని నాకు గట్టిగా ఉంది. దానికి శుభ్రమైన పెనం ఒకటి అడిగితే ఎక్కువ అడిగినట్టు కాదు.

కొత్తగా వచ్చాను

ఒక డౌట్ అండీ. గుడ్డు కూడా తిననివాళ్ళకి బన్నుల సంగతి ఏంటి?

పెనం పొయ్యి

బ్రియోష్ బన్నుల్లో గుడ్డు ఉంటుంది, వద్దు. ప్యాకెట్ వెనక చదివి మామూలు బన్నులు తెండి. వోర్సెస్టర్‌షైర్ సాస్‌లో చేప ఉంటుంది, మామూలు మయొనైజ్‌లో గుడ్డు. ఆవకాయ మయో చేసేవాళ్ళు ఎగ్‌లెస్ డబ్బా కొనండి. కొన్ని వెజ్ ప్యాటీ ప్యాకెట్లలో కూడా గుడ్డు తెల్లసొన కలుపుతారు.

అట్లకాడలకి రంగు టేపు చుట్టండి, ఆకుపచ్చది పెనానికి. నాన్‌వెజ్ వాళ్ళకి కూడా చెబుతున్నా, బీఫ్, లాంబ్ కీమా లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, చికెన్ కీమా 165 వచ్చేదాకా దించకండి, రంగు చూసి నమ్మొద్దు. లేబర్ డే అంటే ఇక్కడ ఎండ మామూలుగా ఉండదు, 90 దాటితే బయట పెట్టిన తిండి గంటలోపు అయిపోవాలి, పెరుగు పచ్చళ్ళు ఐసు మీదే ఉంచండి.

ఇర్వింగ్ బాబాయ్

పక్కపక్కన పెట్టి బల్ల ఒకటే అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ రెండో గ్యాస్ సిలిండర్ డబ్బు మళ్ళీ అందరి దగ్గరా వసూలు చేయొద్దు, వెజ్ వాళ్ళే వేసుకోవాలి. ఈ విషయంలో నా మాట మార్చను.

నాంపల్లి నుంచి

దానికి నేను ఒప్పుకోను బాబాయ్. బీఫ్ కాల్చే గ్యాస్‌కి వెజ్ వాళ్ళు కూడా డబ్బిచ్చారు కదా. రెండు సిలిండర్లూ వీధి ఖాతాలోనే రాయండి.