రోడియో క్వీన్ అయిన మేనకోడలు: వేసవిలో వెళ్లాలా, సెప్టెంబరు దాకా ఆగాలా?

హొరమావు మేనత్త (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మేము బెంగళూరు హొరమావులో ఉంటాము. అమెరికాలోని ఉత్తర కొలరాడోలో స్థిరపడిన మా అన్నయ్య కూతురు చిన్నప్పటి నుంచి 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో గుర్రాన్ని సాకుతూ, స్వారీ నేర్చుకుంటూ వచ్చి, ఈ ఏడాది తమ కౌంటీకి (మన జిల్లా లాంటిది) రోడియో క్వీన్‌గా ఎంపికైంది. రోడియో అంటే గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ, తాడు వేయడం వంటి కౌబాయ్ పోటీలట. అమ్మకు 74 ఏళ్లు. మనవరాలిని చూసి నాలుగేళ్లయింది కనుక జూన్ 15 నుంచి ఆరు వారాలు ఉండి రావాలనుకున్నాము. తేదీలు చెప్పగానే అన్నయ్య కాసేపు నసిగి, "ఆ రోజుల్లో అది ఇంటిపట్టున ఉండదమ్మా" అన్నాడు. కిరీటం పెట్టుకొని చెయ్యి ఊపడానికి వేసవి అంతా ఎందుకు పడుతుందో నాకు అర్థం కాలేదు. అమ్మయితే ఇది అందాల పోటీ అనే నమ్ముతోంది. ఈ పదవిలో పని ఏముంటుందో, ఏ వారాల్లో వెళితే పిల్ల మా చేతికి చిక్కుతుందో తెలిసినవారు చెప్పగలరు.

బెళ్లందూరు పాతకాపు

డెన్వర్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి తిరిగివచ్చినవాణ్ని. మీ అన్నయ్యగారు మొహమాటపడి తక్కువే చెప్పారు. రూపం చూడరని అనను. దానితో పాటు స్వారీనీ, మాటతీరునూ, రోడియో నియమాల మీద పట్టునూ తూచి మరీ ఎంపిక చేస్తారు. ఎద్దు మీద ఒంటిచేత్తో 8 సెకన్లు నిలవాలనీ, 100 మార్కుల్లో సగం ఎద్దు ఎగిరిన తీరుకే వేస్తారనీ, గ్యాలరీలోని పిల్లవాడు అడిగినా విలేకరి అడిగినా తడుముకోకుండా చెప్పవలసింది ఆమే.

జూలై 4 చుట్టూ ఉన్న రోజులను అక్కడివారు 'కౌబాయ్ క్రిస్మస్' అంటారు. ఊరూరా రోడియోలు జరిగి, బహుమతి డబ్బు ఒక్కసారిగా కురిసే కాలమది. ఉత్తర కొలరాడోలోని గ్రీలీలో జూన్ చివర మొదలయ్యే స్టాంపీడ్ అనే రోడియో ఉత్సవం జూలై 4 దాకా సాగుతుంది. జూలై రెండో సగంలో పది రోజులు పొరుగు రాష్ట్రం వయోమింగ్ రాజధాని షయాన్‌లో ఫ్రాంటియర్ డేస్; 1897లో మొదలైన ఉత్సవం అది. ఆ తరువాత కౌంటీ ఫెయిర్లు (జాతరలు), ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వరకు ప్యూబ్లోలో కొలరాడో రాష్ట్ర ఫెయిర్. చాలాచోట్ల ఆ ఊరి క్వీన్‌తో పాటు ఇరుగుపొరుగు కౌంటీల క్వీన్‌లు కూడా అతిథులుగా వచ్చి, ప్రారంభంలో జెండాలు పట్టుకొని అరీనా చుట్టూ దౌడు తీస్తారు. షయాన్‌కు సొంతంగా 'మిస్ ఫ్రాంటియర్' ఉంటుంది. ఆమె వెంట ఏడాది పాటు తిరిగి పని నేర్చుకున్న అమ్మాయే మరుసటి ఏడు ఆ పదవిలోకి వస్తుంది. అందాల పోటీలో ఎక్కడైనా ఇలా ఏడాది పొడుగునా చాకిరీ చేయించి పదవి ఇస్తారా?

డెన్వర్‌కు దూరంగా ఒక చిన్న కౌంటీ రోడియోలో నేను చూసింది చెబుతాను. గుర్రాల ట్రైలర్ల (వాహనం వెనుక లాగే బండ్లు, కొన్నిటిలో మనుషులు ఉండే గది కూడా ఉంటుంది) మధ్య ఒక అమ్మాయి మెడ చుట్టూ తువ్వాలు కట్టుకొని, పేడ అంటిన బూట్లను కొళాయి కింద కడుక్కొని, మెరుపుల చొక్కాకు తడి తగలకుండా మోచేత్తో తలుపు నెట్టుకుంటూ లోపలికి వెళ్లింది. పది నిమిషాల్లో టోపీకి కిరీటం బిగించుకొని బయటకు వచ్చింది. తాడు వేసే పోటీ అయ్యాక అరీనాలో మిగిలిపోయిన దూడలను గేటు వైపు తోలింది కూడా ఆ కిరీటంతోనే.

యలహంక సవారీ

పైన 'దౌడు తీస్తారు' అని ఒక్క మాటలో దాటేశారు. కష్టమంతా అక్కడే ఉంది. నేను మూడేళ్లుగా స్వారీ నేర్చుకుంటున్నాను. బడిలో నాకు అలవాటైన గుర్రానికి కాలు నొచ్చి మరొకటి ఇచ్చిన రోజున, నడిపిస్తూ ఉండగానే కింద పడ్డాను. దూరపు రోడియోలకు సొంత గుర్రాన్ని తీసుకువెళ్లలేని క్వీన్‌లు ఎవరో ఎరువిచ్చిన గుర్రాన్ని ఎక్కి, వేల మంది ముందు దౌడు తీయించాలి. రాష్ట్రాల విజేతలు డిసెంబరులో లాస్ వేగాస్‌లో మిస్ రోడియో అమెరికా కోసం పోటీ పడేటప్పుడు కూడా పరిచయం లేని గుర్రాల మీదనే తమ స్వారీ చూపాలి.

జెండా కర్ర అడుగు భాగం రికాబుకు బిగించిన గొట్టంలో ఆనుతుంది. ఒక చెయ్యి కర్రకు, రెండోది కళ్లేనికి. చెవి పక్కన గుడ్డ టపటపలాడితే ఏ గుర్రమైనా బెదురుతుంది కనుక, ఇంటి దగ్గర ప్లాస్టిక్ సంచులు ఊపుతూ ముందుగానే దానికి అలవాటు చేస్తారు. సొంత గుర్రంతో రాష్ట్రం దాటాలంటే పశువైద్యుని ధ్రువపత్రమూ, కాగిన్స్ అనే రక్తపరీక్ష (గుర్రాలకు వచ్చే ఒక అంటువ్యాధి లేదని చూసేది) నివేదికా వెంట ఉండాలి. ఈ కాగితాల ఫైలు సాధారణంగా తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. మీ అన్నయ్యగారు నసగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మైలాపూరు మామయ్య

చెన్నై నుంచి ఒక సందేహం. జల్లికట్టు మీద ఇక్కడ ఇంత వాదన నడిచింది కదా, అక్కడ ఎవరూ ప్రశ్నించరా?

బెళ్లందూరు పాతకాపు

ఎందుకు ప్రశ్నించరండీ? జంతు సంక్షేమం గురించి అడిగితే నిబంధనలు వివరించి జవాబు చెప్పడం కూడా క్వీన్ పనుల్లో ఒకటి. దూడలకు తాడు వేసే పోటీ నాకూ నచ్చదు. ఆ పోటీ మొదలైనప్పుడల్లా మొక్కజొన్న కంకి కొనుక్కునే నెపంతో లేచి వెళ్లేవాణ్ని.

మేనత్తగారికి నా సలహా: జూన్ వద్దు. షయాన్ వారానికి చేరుకుంటే ఉత్తర కొలరాడో నుంచి కారులో ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. పాన్‌కేకులు ఉచితంగా పెట్టే ఉదయమైతే మరీ మంచిది. పిండిని కాంక్రీటు లారీలో కలుపుతారు, అమ్మగారికి తప్పక చూపించండి. సొంత కౌంటీ ఫెయిర్ రోజుల్లో పిల్ల రాత్రికైనా ఇంటికి చేరుతుంది. తీరిగ్గా మాట్లాడుకోవడానికి మాత్రం ప్యూబ్లో ముగిశాక ఒక వారం చేతిలో ఉంచుకోండి.

హొరమావు మేనత్త

అందరికీ ధన్యవాదాలు. ప్రయాణాన్ని జూలై 20కి జరిపి, తిరుగు టికెట్లు సెప్టెంబరు రెండో వారానికి తీసుకున్నాము. ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ అడిగింది ఒక్కటే, ఆ ట్రైలరులో పొయ్యి ఉంటుందా అని. ఉంటుందని అన్నయ్య చెప్పిన దగ్గర నుంచి కందిపొడి, కరివేపాకు పొడి ఎంతెంత పట్టాలో లెక్కలు వేస్తోంది. పాతకాపు గారూ, అమ్మకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. షయాన్‌లో మధ్యాహ్నం ఎండ ముఖాన కొట్టని సీట్లు ఏ వైపు ఉంటాయో గుర్తుంటే దయచేసి చెప్పండి.