స్టేడియాలు కడితే పిల్లలు ఆటలోకి వస్తారా?

లెక్కల మాస్టారు (రామంతాపూర్)
2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ ఆతిథ్యం కోసం మన దేశం 2024 అక్టోబర్‌లోనే లేఖ ఇచ్చింది. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మొన్న క్లాసులో ఒక అబ్బాయి అడిగాడు, "సార్, ఇలాంటివి హైదరాబాద్‌లో పెడితే మా బస్తీకి ఏం ఒరుగుతుంది?" అని. పెద్దగా ఏమీ ఒరగదనే చెప్పాను. 1978 నుంచి 2008 దాకా జరిగిన పెద్ద క్రీడోత్సవాల మీద వచ్చిన పరిశోధనలను వడగట్టి, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక సమీక్ష వేసింది. ఆతిథ్యమిచ్చిన ఊళ్లలో జనం ఆరోగ్యం, బతుకుతెరువు మెరుగయ్యాయని చెప్పడానికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. 1976 ఒలింపిక్స్ అప్పు తీర్చడానికి మాంట్రియల్‌కు 2006 దాకా పట్టింది. మ్యాచ్ రోజున జనం పెట్టే ఖర్చు కూడా చాలావరకు కొత్త డబ్బు కాదు. ఆ ఆదివారం సినిమాకో, బిర్యానీకో పెట్టేదే ఇటు మళ్లుతుంది. ఆ డబ్బేదో బస్తీకో గ్రౌండ్‌కు పెట్టాలని నా మాట. మీరేమంటారు?

షటిల్ నాన్న (నాచారం)
మాంట్రియల్ దాకా ఎందుకు సార్, మన గచ్చిబౌలి స్టేడియాలు లేవా? 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007లో మిలిటరీ వరల్డ్ గేమ్స్, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు, అన్నీ హైదరాబాద్‌లోనే. తర్వాత ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో 2012లో సైనాకు కాంస్యం, 2016లో సింధుకు రజతం. ఊళ్లో ఆ వాతావరణం లేకుంటే వచ్చేవా?

గల్లీ బ్యాట్
గచ్చిబౌలిలో ఆటగాళ్ల కోసం కట్టిన పెద్ద భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది కదన్నా. నిండా ఆటగాళ్లే ఉంటే అంత తొందరగా దొరికేదా?

షటిల్ నాన్న
ఆపదలో ఏ భవనమైనా వాడుకుంటారు తమ్ముడూ. అది ఆట తప్పెట్లయితది?

లెక్కల మాస్టారు
ఆ పతకాలు స్టేడియం ఇచ్చినవి కావండీ, ఒక కోచ్ ఇచ్చినవి. వాళ్ల కోచ్ గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచారు. ఇల్లు తాకట్టు పెట్టి, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన ఐదు కోట్లతో అకాడమీ కట్టారు. 2008లో అది తెరుచుకుంది. ఆ పట్టుదల ఏ క్రీడోత్సవం బడ్జెట్‌లోనూ ఉండదు.

షటిల్ నాన్న
మరి ఆ అకాడమీ ఉన్న ఐదెకరాలు? ప్రభుత్వం ఇచ్చిన భూమే కదా? ఇది ఎందుకు వదిలేశారు?

లెక్కల మాస్టారు
వదిలేయలేదు. భూమి ఇవ్వడం వేరు, వందల కోట్లతో స్టేడియం కట్టడం వేరు.

షటిల్ నాన్న
గచ్చిబౌలిలో ఐదెకరాలంటే ఇయ్యాల ఎంతో మీరే లెక్క కట్టండి. లెక్కల మాస్టారు మీరే కదా.

మారేడ్‌పల్లి వాకర్
ఇద్దరూ ఐదెకరాల దగ్గరే ఆగిపోయారు. పిల్లలు ఆడతారా లేదా అన్నది కదా ప్రశ్న!

లెక్కల మాస్టారు
సరే, అక్కడికే వస్తాను. పెద్ద పోటీలు చూసి జనం ఆటలో దిగుతారా అన్నదాని మీద కూడా చాలా పరిశోధన జరిగింది. అప్పటికే ఆడుతున్నవాళ్లు ఇంకాస్త ఎక్కువ ఆడతారు, మానేసినవాళ్లలో కొందరు తిరిగొస్తారు. అసలు బ్యాట్ పట్టనివాళ్లు కొత్తగా రావడం మాత్రం అరుదు. సింధు పతకం తర్వాత అకాడమీల్లో చేరిన పిల్లలెవరు? ఫీజు కట్టగలిగిన ఇళ్లవాళ్లు. ఆ మోజు మీద పెట్టిన డబ్బులో చాలా భాగం దండగే.

షటిల్ నాన్న
దండగ అన్నారు కాబట్టి చెబుతున్నా. ఆరేళ్లు తెల్లారుజామున మూడూ ముప్పావుకు లేచి మా బిడ్డను నాచారం నుంచి ఆ చివరన ఉన్న కోచింగ్‌కు బండి మీద తీసుకుపోయాను. నిద్రలో జారిపోతుందని దాన్ని నా నడుముకు చున్నీతో కట్టుకునేవాణ్ణి. తార్నాక దాటేసరికి తల నా వీపు మీద వాలేది. ఈక షటిల్ ఒక్కో గేముకు రెండు మూడు పోతాయి. విరిగినవి పారేయకుండా, ఈకలు ఆవిరి పట్టి సరిచేసి ఇంట్లో ప్రాక్టీస్‌కు ఉంచేవాళ్లం. ఇంటర్‌లో మోకాలు పోయింది, ఆట ఆగింది. ఒక్క పెద్ద పతకం రాలేదు. మాస్టారూ, ఈ ఆరేళ్లు కూడా మీ లెక్కలో దండగేనా?

లెక్కల మాస్టారు
నేను ప్రభుత్వం ఖర్చు గురించి మాట్లాడాను, మీ ఇంటి గురించి కాదు. ఆ మాట నొప్పించి ఉంటే క్షమించండి.

సఫిల్‌గూడ అమ్మ
అన్నా, మీ పాపను తీసుకుపోవడానికి మీకు బండి ఉంది, తెలవారకముందే లేచే ఓపిక ఉంది. నా మాట కూడా వినండి. మా దగ్గర మునిసిపాలిటీ వాళ్ల ఇండోర్ హాల్ ఒకటి ఉంది. జనం పన్నులతో కట్టిందే. పొద్దున, సాయంత్రం ఒక కోచింగ్‌కు ఇచ్చేశారు. నెలకు రెండున్నర వేలు. మా పాప కిటికీ ఊచలు పట్టుకొని చూస్తుంది. ఇంటికొచ్చి రెండు కరెంటు స్తంభాల మధ్య నా పాత చీర కట్టి, ప్లాస్టిక్ షటిల్‌తో ఆడుతుంది. గాలొస్తే ఎదురింటి మేడెక్కుతుంది. ఎవరన్నా స్కూటర్ తెస్తే చీర పైకెత్తి పట్టుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి హాల్ ఖాళీగానే ఉంటుంది, కానీ తాళం వేసి ఉంటుంది. మీరు స్టేడియం కట్టండి, కట్టకండి. ఉన్న హాల్ తాళం ఎవరి దగ్గర ఉందో ముందు అడగండి.

గల్లీ బ్యాట్
అక్కా, మా గ్రౌండ్ కూడా గంటకు పన్నెండు వందల టర్ఫ్ అయింది. బయట నిలబడి బంతి అందిస్తున్నారు మా పోరగాళ్లు.

షటిల్ నాన్న
అమ్మా, ఫీజు లేకుంటే ఆ హాల్ ఆరు నెలలు నిలవదు. చెక్క ఫ్లోర్ మీద మట్టి బూట్లతో దిగుతారు. లైట్లు పోతే మార్చే దిక్కుండదు. ఉచితమైతే ఎవరిదీ కాదు.

సఫిల్‌గూడ అమ్మ
ఎవరిదీ కాదు అంటే, ఇప్పుడు ఫీజు కట్టినవాళ్లదా? మా పాపది కాదా? సూటిగా చెప్పండి.

షటిల్ నాన్న
సూటిగానే చెబుతా. మోకాలు పోయాక మా అమ్మాయి ఖాళీగా కూర్చోలేదు. ఇలాంటి హాల్‌లోనే చిన్నపిల్లలకు కోచింగ్ ఇస్తోంది. ఆ ఫీజులోంచే దానికి పన్నెండు వేలు వస్తాయి. ఫీజు వద్దన్న ప్రతిసారీ నాకు దాని జీతం వద్దన్నట్టే వినబడుతుంది. ఆట మానేసిన పిల్లలకు ఈ ఊళ్లో ఇంకేం దారి ఉంది?

లెక్కల మాస్టారు
ఇంతసేపూ మనం స్టేడియం అని కొట్టుకున్నాం. ఆ జీతం పిల్లల ఫీజులోంచి రావాలా, పన్నుల్లోంచి రావాలా అన్నదే అసలు గొడవ. పన్నుల్లోంచే రావాలంటాను నేను. హాల్ కట్టడానికి డబ్బిచ్చి, అందులో కోచ్‌కు ఇవ్వకపోతే సగం పనే చేసినట్టు.

షటిల్ నాన్న
సర్కారు నెలనెలా ఇస్తుందా సార్? నాకు నమ్మకం లేదు. ఫీజు మాత్రం ఐదో తారీఖుకల్లా వస్తుంది.

సఫిల్‌గూడ అమ్మ
ఫీజు మొత్తం తీసేయమనట్లేదు అన్నా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా తాళం తీయమంటున్నా, అంతే. సెలవుల్లో అయినా సరే. వార్డు ఆఫీసులో కాగితం ఇద్దామంటే పదిమంది సంతకాలు కావాలన్నారు. నాలుగు వచ్చాయి.

షటిల్ నాన్న
ఆ వేళలో కోచ్ లేకుండా పిల్లల్ని వదిలితే కాళ్లు విరుగుతాయి. ఒకళ్లు ఉండాలి. మా అమ్మాయిని అడిగి చెబుతా, మాట మాత్రం ఇవ్వను. మీ పాపకు ఎన్నేళ్లు?

సఫిల్‌గూడ అమ్మ
పదకొండు. పెద్దమనిషి అయితే గల్లీలో ఆడనివ్వనని వాళ్ల నాన్న ఇప్పటికే అంటున్నాడు.