కువైట్ నుంచి మా ఆయన వచ్చేశాడు, ఇంటి లెక్కలు ఇక ఎవరు చూడాలి?

మాది రాజంపేట దగ్గర పల్లె. మా ఆయన 2016లో డ్రైవరుగా కువైట్ పోయి, ఈమధ్యే అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) రద్దు చేసుకుని పూర్తిగా వచ్చేశాడు. ఆయన పోయేనాటికి నాకు బ్యాంకులో ఫారం నింపడం కూడా రాదు. తర్వాత ఏజెంటు కోసం చేసిన అప్పు తీర్చింది, కుదువ పెట్టిన గొలుసు విడిపించింది, రెండు బోర్లు ఎండిపోయాక మూడోది వేయొద్దని మామను ఆపింది, పాపను కడపలో కాలేజీలో చేర్చింది అన్నీ నేనే. ఫోన్ చేస్తే "నువ్వే చూసుకో" అనేవాడు. ఇప్పుడు మిగిలిన డబ్బంతా పెట్టి పైన ఇంకో అంతస్తు వేయాలంటాడు, కువైట్ పోయినోళ్లందరికీ ఉంది మనకే లేదని. నేనేమో పాప చదువుకు కొంత డిపాజిట్ చేసి, రెండు ఎనుములు కొందామంటున్నా. మొన్న రాత్రి నా లెక్కల పుస్తకం ముందేసుకుని, పాల లెక్క దగ్గర్నుంచి ఒక్కో వరుస మీద వేలు పెట్టి అడిగాడు. తప్పేమీ దొరకలేదు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. మీ ఇళ్లలో ఎట్ల సర్దుకున్నారు?

జవాబు 1:
చెల్లెమ్మా, నేనూ పన్నెండేళ్లు అక్కడ బండి తోలినోణ్ణే. జీతం రోజు దినారు రేటు చూసి, పంపాలా ఆగాలా అని రూములో అందరం లెక్కలేసేవాళ్లం. 2016లో దినారుకు 220 రూపాయల చిల్లర వచ్చేది, 2024కి 270 దాటింది. అంత పట్టిపట్టి పంపినోడికి ఇక్కడ ఖర్చు కళ్లతో చూడలేదు కాబట్టి ఎటు పోయిందో అనిపిస్తుంది, అది నీమీద అనుమానం కాదు. మేడ మాత్రం వద్దని చెప్పు. నేను వేశాను, పల్లెలో అద్దెకు వచ్చేవాళ్లు లేక ఆరేళ్లుగా తాళమే.

జవాబు 2:
అక్కా, మా ఇంట్లో కువైట్ పోయింది అమ్మ. 30 ఏళ్లు నిండకపోతే ఆడవాళ్లను ఇంటిపనికి పంపరు కదా, నిండగానే పోయింది. పంపింది ఆమె, ఖర్చుపెట్టింది నాన్న, పెదనాన్న. నా సంబంధం కూడా ఖాయం చేసుకున్నాకే ఫోన్లో చెప్పారు. సంపాదించినోళ్లదే మాట అయితే మా అమ్మ మాట చెల్లాల్సింది, చెల్లలేదు. అందుకే బావ "నా కష్టం" అంటే మీరు తగ్గొద్దు. ఇన్నేళ్లు ఇల్లు నిలబెట్టింది కూడా కష్టమే.

జవాబు 3:
ముందు బ్యాంకు పని చూసుకోండి. ఆయనది ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదన వేసుకునేది) అయితే, తిరిగొచ్చేశానని చెప్పి మామూలు ఖాతాగా మార్పించాలి. ఇన్నాళ్లూ ఆ వడ్డీకి పన్ను లేదు, ఇక పడుతుంది. అప్పుడే ఇద్దరి పేర్లూ పెట్టించండి, ఖాతా లెక్క ఇద్దరూ చూసుకోవచ్చు.

అడిగినవారు:
నిన్న ఇద్దరం బ్యాంకుకు పోయి జాయింట్ ఖాతాకు కాగితాలు ఇచ్చొచ్చాం. అన్న రాసింది ఆయనకు చదివి వినిపించాను, ఆ తాళం సంగతి రెండుసార్లు అడిగాడు. మేడ ఇంకా తేలలేదు. ఈనిన ఎనుము ఇప్పుడు సంతలో ఎంత పలుకుతోందో తెలిస్తే చెప్పండి.